పొంగు, పథ్యము, ఆకుకూర

చదువు పుస్తకముతో మొదలగునని మన మనుకొందుము. నిజమునకు అది వంటయింట మొదలగును. బిడ్డ ఆరోగ్యముగానున్న గాని బడికి రాలేడు. కావున ఈ సంచికలో తల్లిదండ్రులతో ఆహారమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనదలచితిమి.

పిల్లలకు పొంగు పోసినప్పుడు మన యిండ్లలో పెద్దలు దానిని అమ్మవారని భావించి, గుమ్మమునకు వేపమండలు కట్టుదురు. ఇంట తాలింపు వేయరు. బిడ్డకు కూర మాన్పించి, పలుచని గంజితో పథ్యము పెట్టుదురు. వేపమండల వలన హాని లేదు. బిడ్డను అర్ధాకలితో నుంచుటయే ప్రమాదకరము. అది ఏలనో వివరించెదము.

పొంగు వైరసు వలన కలుగు అంటువ్యాధి. ఆ వైరసు దగ్గుతోను, తుమ్ముతోను వెలువడి, రోగి గదిని విడిచిన పిదప సైతము రెండు గంటల వరకు గాలిలో నిలువగలదు. మన కన్నులకు, గొంతునకు, ఊపిరితిత్తులకు, ప్రేగులకు పలుచని పొర యొకటి కోటగోడవలె కాపుండును. ఆ గోడ చెడకుండ నిలుపుటకును, రక్తమందలి తెల్లకణములు తమ పని చక్కగా చేయుటకును ‘ఏ’ విటమిను అవసరము. పొంగు వచ్చినప్పుడు శరీరమందలి యీ విటమిను త్వరగా తరిగిపోవును. ముందే దాని నిలువ తక్కువగానున్న బిడ్డకు చూపు పోవచ్చును, న్యుమోనియా రావచ్చును, ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. అందుచేతనే పొంగు వచ్చిన పిల్లలకు వైద్యుని ద్వారా వరుసగా రెండు దినములు ఈ విటమిను ఇప్పింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఈ విటమినునకు ఎంత శక్తి గలదో తెలిపిన పరిశోధన యొకటి తమిళనాటనే జరిగినది. తిరుచిరాపల్లి జిల్లాలో అయిదేండ్లలోపు పిల్లలు సుమారు 15,000 మందిని తీసికొని, వారిలో ఒక వర్గమునకు వారమున కొకసారి కొద్ది మోతాదులో ‘ఏ’ విటమిను ఇచ్చిరి. ఫలితములు 1990లో ప్రకటింపబడెను. విటమిను పొందిన పిల్లలలో మరణములు రెండవ వర్గముతో పోల్చగా సగమునకు పైగా తగ్గినవి. ఇందు గమనింపదగిన దేమనగా, ఆ మోతాదు అసాధారణమైనది కాదు. బిడ్డకు వారము పొడుగున ఆహారము ద్వారా అందవలసినంతయే.

అట్టి ఆహార మెక్కడ దొరకును? మన పెరటిలోనే. మునగాకు, తోటకూర, కరివేపాకు, పండిన గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు, వీనియందలి బీటా కెరోటిన్ అను పదార్థమును మన శరీరము ‘ఏ’ విటమినుగా మార్చుకొనును. అయితే అందు కొంత భాగమే మారును గనుక ఏ పండుగనాడో ఒక్కసారి తినిన చాలదు, తరచుగా తినవలెను. అది ఒంట బట్టుటకు కొద్దిపాటి నూనెయో నెయ్యియో ఉండవలెను. కావున ఆకుకూరకు తాలింపు వేయుట రుచికి మాత్రమే కాదు. కూరతోబాటు పప్పు కూడ పెట్టవలెను. రోగముతో పోరాడు ప్రతిరక్షకములు మాంసకృత్తులతోనే తయారగును గదా!

మునగను కన్నడిగులు నుగ్గె యనియు, తమిళులు మురుంగై యనియు, మరాఠీవారు శేవగా యనియు అందురు. పేరేదైనను ఆకు ఒక్కటే. అన్ని సంతలలోను చవుకగా దొరకును.

ఉసిరికాయను గూర్చియు ఒక మాట. అందు ‘సి’ విటమిను సమృద్ధిగా గలదు. దాని వలన జలుబు రానే రాదనుట సరికాదు. ఆ విటమినును నిత్యము తీసికొను పిల్లలలో జలుబు ఏడు దినములుండునది ఇంచుమించు ఆరు దినములకు తగ్గునని పరిశోధనలు తెలుపుచున్నవి. లాభము కొద్దిదే, అయినను లాభమే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. ‘మంచి తిండి పెట్టుచున్నాము, సూదిమందు ఎందుకు?’ అని కొందరడుగుదురు. ఆహారము కోటగోడను బలపరచును. శత్రువును గుర్తించుట నేర్పునది టీకా. ఎంత మునగాకు తినిన బిడ్డకైనను, టీకా లేనిచో పొంగు అంటుకొనును. రెండు మోతాదులు పొందినవారిలో నూటికి 97 మందికి రక్షణ కలుగును. మొదటి మోతాదు 9 నెలలు నిండిన పిదపను, రెండవది 16 మొదలు 24 నెలల లోపలను ప్రభుత్వము ఉచితముగా వేయించుచున్నది. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడులయందును, యానాము చేరియున్న పుదుచ్చేరియందును పదునైదేండ్లలోపు పిల్లలకు పాఠశాలలలోనే ఈ టీకా వేసిరి. మోతాదు తప్పిపోయిన పిల్లలున్నచో, పెద్దవారైరిగదా యని ఊరకుండక, ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి విచారింపుడు.

‘ఏ’ విటమిను మాత్రలను మాత్రము స్వంతముగా కొని వేయకుడు. అవి మితిమీరినచో విషము వలె హాని చేయును. ఆకుకూరల వలన అట్టి భయము లేదు.

బిడ్డకు పొంగు వచ్చినప్పుడు వైద్యుని పిలువుడు. వేపమండ కట్టుట మీ యిష్టము. పథ్యము పేర పస్తు మాత్రము పెట్టకుడు. మెత్తని పప్పన్నములో ఉడికిన ఆకుకూర కలిపి, ఒక చుక్క నెయ్యి వేసి, కొంచెము కొంచెముగా పలుమార్లు తినిపింపుడు. ఆ ముద్ద వైద్యమునకు అడ్డు కాదు, తోడు.