వెంట్రుక కన్నా సన్నని సూది చెప్పిన రెండు సంగతులు

"పెళ్లయి ఆరేళ్లయింది డాక్టరమ్మగారూ, లోపం నాదేనా?"

మా స్త్రీల విభాగానికి వచ్చే అమ్మాయిలు తలుపు వేశాక గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. అత్తగారు బయట బల్ల మీద కూర్చుని ఉంటారు. భర్త చాలాసార్లు రానే రాడు. ఈ ప్రశ్నకు జవాబులో కొంత భాగం ప్రయోగశాలలో, చిట్టెలుక అండంలోకి దిగిన ఒక గాజు సూది వల్ల దొరికింది. ఆ సంగతి ఈసారి మా పాఠకులకు చెప్పదలిచాం.

ఆ సూది ఎలాంటిది?

స్త్రీ అండం మిల్లీమీటరులో సుమారు పదో వంతు ఉంటుంది. చిట్టెలుక అండం ఇంకా చిన్నది. సన్నని గాజు గొట్టాన్ని వేడిచేసి లాగి, దాని మొనను వెంట్రుక కన్నా ఎంతో సన్నగా తయారు చేస్తారు. మైక్రోస్కోపు కింద ఒక పక్కనుంచి మరో గాజు గొట్టం అండాన్ని మెల్లగా పీల్చి పట్టుకుంటుంది. రెండో పక్కనుంచి సూది లోపలికి వెళ్తుంది. చేతి వణుకు తగలకుండా ఒక యంత్రం సూదిని నడుపుతుంది. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే, అందులో కొద్ది భాగాలంత ద్రవాన్నే ఎక్కిస్తారు. దీనినే మైక్రో ఇంజెక్షన్ అంటారు. ఇలా గుచ్చినా చిట్టెలుక అండం బతికి పెరగగలదని 1966లో టి.పి. లిన్ అనే శాస్త్రవేత్త చూపించారు.

మొదటి సంగతి: అండాన్ని మేల్కొలిపేది ఏది?

శుక్రకణం చేరగానే అండం లోపల కాల్షియం పెరగడం, తగ్గడం మొదలవుతుంది. గంటల తరబడి అలల్లా సాగే ఈ మార్పే అండాన్ని మేల్కొలిపి పిండంగా మారుస్తుంది. ఈ అలలను లేపేది ఏది? 2002లో బ్రిటన్‌లోని కార్డిఫ్ శాస్త్రవేత్తలు శుక్రకణంలో ఉండే 'పిఎల్‌సి జీటా' అనే ప్రోటీన్‌ను పరీక్షించారు. దాన్ని తయారు చేసే ఆర్‌ఎన్‌ఏను మాత్రమే చిట్టెలుక అండంలోకి ఎక్కించారు. శుక్రకణం లేకుండానే అవే అలలు లేచాయి.

దీనితో మనకేమి పని? శుక్రకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపే 'ఇక్సీ' చికిత్సతో తొలి గర్భాలు వచ్చినట్టు 1992లో బెల్జియంలోని బ్రస్సెల్స్ వైద్యులు ప్రకటించారు. అయితే కొద్దిమంది దంపతులకు ఇక్సీ చేసినా అండం మేలుకోదు. అలాంటి కొందరిలో భర్త శుక్రకణాలలో ఈ ప్రోటీన్ లోపించిందని తరువాత తేలింది. వారిలో కొందరికి అండంలో కాల్షియం పెంచే ద్రావణం వాడి ప్రయత్నిస్తున్నారు. ఇది అరుదైన సమస్యే. కానీ లోపం ఎప్పుడూ భార్యదే అనే మాట తప్పని ఇది గట్టిగా చెబుతోంది.

రెండో సంగతి: పాతబడే కట్టు

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు ఏర్పడతాయి. 38 ఏళ్ల స్త్రీకి ఈ నెల విడుదలయ్యే అండం వయసు కూడా అంతే. అందులో జంట క్రోమోజోములను 'కోహెసిన్' అనే ప్రోటీన్ తాడులా కట్టి ఉంచుతుంది. పాత తాడు పోతే కొత్తది వస్తుందా?

2010లో వెలువడిన ఒక ప్రయోగం దీనిని తేల్చి చూసింది. ఒక ఎంజైము తెంపగలిగే తాడు ఉన్న చిట్టెలుకలను తయారు చేశారు. అండం పెరిగే దశలో, ఆ ఎంజైముకు తెగని కొత్త తాడు కూడా తయారయ్యేలా చేశారు. తరువాత ఆ కత్తెర లాంటి ఎంజైమును సూది ద్వారా లోపల పుట్టించారు. కొత్త తాడు పాతదాని చోటికి వచ్చి ఉంటే జంటలు నిలవాలి. నిలవలేదు, విడిపోయాయి. అంటే మొదట వేసిన కట్టే చివరిదాకా మోయాలి.

మనుషులలో దీనికి వేరే కారణాలు కూడా తోడవుతాయి. అయినా వయసు పెరిగేకొద్దీ క్రోమోజోముల పంపకం ఎందుకు తప్పుతుందో దీనివల్ల కొంత అర్థమైంది. తొలి మూడు నెలల్లో పోయే గర్భాలలో సుమారు సగానికి క్రోమోజోముల తేడాయే కారణం. తల్లి వయసు 40 అయితే డౌన్ సిండ్రోమ్ అవకాశం సుమారు 100లో ఒకటి. కనుక బిందె ఎత్తినందుకు, మెట్లు ఎక్కినందుకు గర్భం పోయిందని కోడలిని నిందించకండి.

మేము చెప్పేది ఇదే

1. భార్య వయసు 35 లోపు అయితే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక వైద్యులను కలవండి. నెలసరి సరిగా రాకపోతే అంతకాలం కూడా ఆగవద్దు.

2. దంపతులిద్దరూ కలిసి రండి. భర్తకు చేసే వీర్య పరీక్ష తేలికైనది, నొప్పి లేనిది.

3. అండం వయసును వెనక్కి తిప్పే పొడి గానీ టానిక్ గానీ లేదు. అలా అమ్మేవారికి డబ్బు పోసుకోకండి.

4. ఇక్సీ అందరికీ అవసరం లేదు. అవసరమైతే 2021 చట్టం కింద రిజిస్టరైన కేంద్రానికే వెళ్లండి. ఎందుకు చేస్తున్నారో, ఎంత ఖర్చో ముందే అడిగి తెలుసుకోండి.

తలుపు వేశాక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది: "అమ్మా, తప్పు ఎవరిదీ కాదు. కారణం ఉంటే ఇద్దరిలో వెతుకుదాం." బయట బల్ల మీద కూర్చున్న అత్తగారికి కూడా ఈ పేజీ చదివి వినిపించండి.