డీప్ ఫ్రీజర్ (గృహోపకరణం)

డీప్ ఫ్రీజర్ అనేది ఆహార పదార్థాలను గడ్డకట్టించి చాలా కాలం నిల్వ ఉంచడానికి ఉపయోగించే విద్యుత్ గృహోపకరణం. రిఫ్రిజిరేటర్ ఆహారాన్ని సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద చల్లగా మాత్రమే ఉంచుతుంది. ఫ్రీజర్‌లో ఉష్ణోగ్రత -18 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువగా ఉంటుంది. ఈ చలికి సూక్ష్మజీవుల పెరుగుదల ఆగిపోతుంది కాని అవి అన్నీ నశించవు. ఆహారం కరిగిన తరువాత మిగిలినవి మళ్ళీ వృద్ధి చెందుతాయి. కాబట్టి పాడవుతున్న పదార్థాన్ని ఫ్రీజర్ బాగుచేయలేదు.

చరిత్ర

అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ 1912 తరువాత కొన్నేళ్ళు ప్రస్తుత కెనడాలోని లాబ్రడార్ ప్రాంతంలో నివసించాడు. అక్కడి ఇన్యుట్ ప్రజలు పట్టిన చేపలు తీవ్రమైన చలికి వెంటనే గడ్డకట్టడం, చాలా కాలం తరువాత వండినా రుచి చెడకపోవడం గమనించాడు. నెమ్మదిగా గడ్డకట్టిన ఆహారంలో పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలను చీలుస్తాయి. త్వరగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి. ఈ సూత్రంపై బర్డ్స్‌ఐ రూపొందించిన పద్ధతిలో తయారైన ఆహారం 1930లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దుకాణాలకు వచ్చింది.

రకాలు

గృహ ఫ్రీజర్లు ముఖ్యంగా రెండు రకాలు.

పెట్టె రకం: మూత పైకి తెరుచుకుంటుంది. చల్లని గాలి బరువైనది కనుక మూత తెరిచినా చాలావరకు లోపలే నిలుస్తుంది. అడుగున ఉన్నవి తీయడం కొంత కష్టం.

నిలువు రకం: బీరువాలాగ అరలు ఉంటాయి. వస్తువులు సులభంగా దొరుకుతాయి కాని తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లని గాలి కిందికి జారి బయటికి పోతుంది.

అమర్చడం

ఫ్రీజర్‌ను సమతలంగా ఉన్న నేలపై, ఎండ తగలని చోట, పొయ్యికి దూరంగా ఉంచాలి. లోపలి వేడిని బయటికి పంపడమే దాని పని కనుక చుట్టూ గాలి ఆడే ఖాళీ వదలాలి. రవాణాలో పక్కకు వాల్చి ఉంటే నిలబెట్టిన తరువాత కొన్ని గంటలు ఆగాలి. ఆలోగా కంప్రెసర్ నూనె తిరిగి స్వస్థానానికి చేరుతుంది. ఎర్తింగ్ ఉన్న మూడు రంధ్రాల ప్లగ్గు తప్పనిసరి. వోల్టేజి హెచ్చుతగ్గులు ఉన్నచోట స్టెబిలైజర్ వాడడం మంచిది. వేసవి తీవ్రంగా ఉండే ప్రాంతాలకు 43 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకు పనిచేసే "టి" తరగతి ఫ్రీజర్లు అనుకూలం. లోపలి ఉష్ణోగ్రత -18కి చేరిన తరువాతే ఆహారం పెట్టాలి.

వాడకం

వేడి పదార్థాలను చల్లార్చి, ఒకసారికి సరిపడే చిన్న పొట్లాలుగా కట్టి, తేదీ రాసి పెట్టాలి. గాలి చొరబడితే తేమ పోయి పదార్థం ఎండి తెల్లబడుతుంది. పచ్చి బఠాణీలను మరిగే నీటిలో ఒకటిన్నర నిమిషం ఉంచి, వెంటనే చన్నీటిలో చల్లార్చాలి. ఇందువల్ల రంగు, రుచి చెడగొట్టే ఎంజైములు పనిచేయవు. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కనుక నిండు గాజు సీసాలు పగిలిపోతాయి. కొవ్వు ఎక్కువగా ఉన్న చేపలు 2 నుండి 3 నెలలు, కోడిమాంసం ముక్కలు 9 నెలల వరకు నాణ్యత కోల్పోవు. మాంసాన్ని బయట కాకుండా రిఫ్రిజిరేటర్‌లో ఉంచి కరిగించాలి. గోడలకు పేరుకున్న మంచును కత్తితో గీకరాదు. గొట్టానికి రంధ్రం పడితే శీతలీకరణ వాయువు బయటికి పోతుంది. నేటి ఫ్రీజర్లలో ఎక్కువగా వాడే ఐసోబ్యూటేన్ మండే స్వభావం గలది.

విద్యుత్ అంతరాయం

మూత తెరవకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. తరువాత తెరిచినప్పుడు ఇంకా మంచు స్ఫటికాలు ఉన్నవాటిని తిరిగి గడ్డకట్టించవచ్చు. మాంసం, చేపలు, వండిన పదార్థాలు 4 డిగ్రీలకు మించి రెండు గంటలకు పైగా ఉంటే పారవేయాలి. వాసన, రుచి చూసి నిర్ణయించడం ప్రమాదకరం. ఎక్కువ రోజులు ఊరు వెళ్ళేవారు గిన్నెలో నీటిని గడ్డకట్టించి దానిపై ఒక నాణెం ఉంచవచ్చు. తిరిగి వచ్చేసరికి నాణెం అడుగుకు చేరి ఉంటే, ఇప్పుడు అంతా గట్టిగా కనిపించినా, మధ్యలో మంచు కరిగినట్లు గ్రహించాలి.