'కాదు సార్' అనడానికి ఇంగ్లీషులో చోటెక్కడ?

గోదావరిఖనికి 'కాదు' అనడం కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధనను ఒప్పుకోకుండా 1981లో ఇక్కడి సింగరేణి బొగ్గుగని కార్మికులు 56 రోజులు బాయి దిగలేదు. 2011 సకల జనుల సమ్మెలో నెలకు పైగా పని ఆపారు. గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకోవడం వాళ్లకు అలవాటు. 2017లో గెలిపించిన సంఘాన్ని 2023 డిసెంబరులో అదే ఓటుతో దించేశారు. గుంపుగా, తెలుగులో, గేటు ముందు నిలబడి కాదనడం ఈ నేలకు బాగా వచ్చు. చిక్కల్లా మనిషి ఒక్కడే ఉండి, ఎదుట పై అధికారి ఉండి, మాట ఇంగ్లీషులో నడిచినప్పుడు. ఆ చిక్కు రోజురోజుకీ ఎక్కువ మందికి ఎదురవుతోంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉంది. తండ్రి బాయి పని పిల్లలందరికీ రాదు. గోదావరిఖని, రామగుండం పిల్లలు హైదరాబాద్ కంపెనీల్లో చేరి విదేశీ మేనేజర్ల ముందు ఔననో కాదనో చెప్పాల్సి వస్తోంది.

ఇది ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది అనుకుంటే పొరపాటు. వ్యాకరణం నిక్కచ్చిగా వచ్చినవాళ్లూ ఇక్కడ తడబడతారు. కారణం, రెండు భాషలూ మర్యాదను వేర్వేరు చోట్ల పెట్టుకోవడం. తెలుగులో మర్యాద మనిషికి, నిరాకరణ విషయానికి. 'గట్ల కాదు సార్' అన్నప్పుడు గౌరవమంతా 'సార్' మోస్తుంది. దాన్ని తీసి 'అన్నా' పెట్టండి, కోస్తాకు పోయి 'కాదండీ' అనండి, దోస్తుతో 'కాదుర భయ్' అనండి. 'కాదు' మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఇంగ్లీషుకు 'అండి' లేదు. నువ్వు, మీరు అనే తేడా దాని రోజువారీ వాడుకలోంచి పోయి శతాబ్దాలైంది. అందుకని గౌరవం వాక్యం కడుపులో దూరుతుంది. 'ఐ యామ్ అఫ్రెయిడ్', 'పర్హాప్స్', 'మైట్' లాంటి మాటలతో నిరాకరణనే నానబెట్టి మెత్తన చేస్తారు. మనవాడు వినయంగానే 'నో సార్' అంటాడు, అవతలివాడికి ముఖం మీద తలుపు వేసినట్టు వినిపిస్తుంది. ఒప్పుకోలులోనూ ఇదే తంతు. మన 'ఔ సార్' చాలాసార్లు 'మీ మాట విన్నాను' అని మాత్రమే. దాన్నే 'యస్ సార్' అంటే ఎదుటివాడు ఒప్పందంగా రాసుకుంటాడు. వారం తర్వాత పని ఎందుకు కాలేదని అతనికి ఆశ్చర్యం, నేనెప్పుడు ఒప్పుకున్నానని ఇతనికి ఆశ్చర్యం. ఇక మన 'చూద్దాం' సంగతి చెప్పనే అక్కర్లేదు. (మర్యాద మీద ఇప్పటికీ అందరూ ఉదహరించే సిద్ధాంతాన్ని 1978లో పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ ఇంగ్లీషుతో పాటు మెక్సికో త్సెల్తాల్ భాష, మన పక్కింటి తమిళం మాటల ఆధారంగా కట్టారు. తెలుగును పరిశీలించి ఉంటే 'అండి'కి అందులో ఒక అధ్యాయం దక్కేదేమో!)

స్పోకెన్ ఇంగ్లీషు పాఠాలు దీన్ని నిచ్చెనగా చూపిస్తాయి. స్నేహితుడితో 'నో వే', తోటివాడితో 'ఐ డోంట్ థింక్ సో', పై అధికారితో 'ఐ సీ ఇట్ డిఫరెంట్లీ'. మెట్టు ఎక్కినకొద్దీ మెత్తదనం పెరగాలని చెబుతాయి. నిచ్చెన పైమెట్టు దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషులో 'రిక్వెస్ట్ కెనాట్ బి అక్సీడెడ్ టు' అంటారు. అందులో క్షమాపణ లేదు, 'బహుశా' లేదు. బాగా లాంఛనమైన భాషలో 'కాదు' మళ్లీ గట్టిపడుతుంది. మెత్తదనం ముదిరేది మధ్య మెట్ల మీద, ముఖాముఖి మాటల్లో. కాగితం మీద మోసపోయేది 'కాదు' దగ్గర కాదు, 'ఔను' దగ్గర. మీటింగ్ మినిట్స్‌లో 'అగ్రీడ్' అంటే ఒప్పుకున్నట్టు. 'అగ్రీడ్ ఇన్ ప్రిన్సిపుల్' అంటే సూత్రానికి ఒప్పుకుని, అమలును తర్వాతికి వదిలినట్టు. 'విల్ బి ఎగ్జామిన్డ్' మన 'చూద్దాం'కి సూటు తొడిగినట్టు. 'నోటెడ్' అంటే చెవిన పడిందనే, అంతకుమించి ఏమీ లేదు. బాయిలో భద్రత చూసే సర్దార్ కర్రతో కప్పు కొట్టి చూస్తాడు. గట్టి బండ గణగణమంటుంది, డొల్లబండ డబడబలాడుతుంది. ఈ 'ఔను'లనూ అలాగే కొట్టి చూడాలి.

మెత్తదనం ఖరీదెంతో విమానాల చరిత్రలో ఉంది. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో, మంచు కురుస్తుండగా, ఎయిర్ ఫ్లోరిడా విమానం బయలుదేరుతోంది. మీటరు చూపుతున్నది సరిగ్గా లేదని కో-పైలట్ ఒకటికి రెండుసార్లు అన్నాడు. కెప్టెన్ బాగానే ఉందన్నాడు. అతనూ బాగానే ఉందేమోనని సర్దుకున్నాడు. విమానం వంతెనను గుద్ది నదిలో పడింది. వంతెన మీది నలుగురితో కలిపి 78 మంది పోయారు. ఇద్దరిదీ పుట్టుభాష ఇంగ్లీషే. ఇంగ్లీషువాళ్లకు ఆ మెత్తని 'కాదు' వాళ్లలో వాళ్లకు అర్థమవుతుంది కదా అనే వాదనకు ఇదే జవాబు.

గోదావరిఖనికి ఈ లెక్క ఇంకా దగ్గరిది. 2003 జూన్ 16న ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది, అదే ఏడు అక్టోబరు 16న 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది చనిపోయారు. ఆ ప్రమాదాలను భాష మీదకు నెట్టడం అన్యాయం, నా వాదన అది కాదు. అంత మందిని పోగొట్టుకున్న చోట అస్పష్టమైన వాక్యాన్ని మర్యాద పేరుతో మెచ్చుకోలేమన్నదే నా మాట. మైన్స్ రూల్స్ ఈ విషయంలో తెలివిగా ఉన్నాయి. కార్మికుల తరఫున గనిని తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ తాను చూసిన లోపాన్ని రిజిస్టర్లో రాయాలి. దానికి ఏ చర్య తీసుకున్నదీ, ఏ తేదీన అన్నదీ మేనేజర్ రాయాలి. అక్కడ 'ఐ డిజగ్రీ' అన్న మాటకు పనే లేదు. ఫలానా చోట కప్పుకు ఆధారం లేదు, అంతే. అభిప్రాయం స్థానంలో వాస్తవం పెడితే మెత్తబరచాల్సిందేమీ మిగలదు.

సూటిగా మాట్లాడితే ఉద్యోగానికి ఎసరు వస్తుందని భయపడేవాళ్లున్నారు. అది ఉత్త భయమని కొట్టిపారేయలేం. కాంట్రాక్టు కార్మికుడికి, కొత్తగా చేరిన ఇంజినీరుకు మరీ ఎక్కువ. అయితే దానికి మందు మన భాషలోనే ఉంది. గౌరవాన్ని వాక్యం మొదట్లో, సంబోధనలో ఎంతైనా పొయ్యండి: 'సార్, ఐ అండర్‌స్టాండ్ ద టార్గెట్' అనండి. తర్వాతి వాక్యంలో 'ద రూఫ్ ఈజ్ నాట్ సేఫ్' అన్నదాన్ని మాత్రం 'మే నాట్ బి' చెయ్యొద్దు. అసలు బాయిలో ఇంగ్లీషెందుకు, తెలుగు చాలదా అని ఇంకొందరి ప్రశ్న. బాయిలో చాలు, అక్కడ అదే ఉండాలి. జీతాలు తేల్చే బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందం మాత్రం ఇంగ్లీషులోనే సంతకాలవుతుంది. 2023లో కుదిరిన పదకొండోదీ అంతే. దానిలోని 'షల్', 'మే' తేడా తెలియని ప్రతినిధి దేనికి తలూపాడో అతనికే తెలియదు.

అందుకని సంఘాల నాయకులకు, కొత్త ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు ఒకటే విన్నపం. మినిట్స్ సంతకానికి వచ్చినప్పుడు 'విల్ బి ఎగ్జామిన్డ్' కనబడితే, ఎవరు, ఏ తేదీలోగా అన్నది పక్కనే రాయించుకుని ఆ తర్వాతే కలం తియ్యండి.