మైలుకెంత? బ్రోకరుతో కిరాయి బేరం

ఫ్రీవే మీద పక్కనుంచి పద్దెనిమిది చక్రాల ట్రక్కు పోతుంటే, వెనక సీట్లో పిల్లలు తాడు లాగినట్టు చేత్తో సైగ చేస్తారు. డ్రైవరు సరదా మనిషైతే "భోం" అని హారను కొడతాడు. ట్రక్కులతో మనలో చాలామందికి పరిచయం అంతవరకే. అందులో సరుకు ఎవరిది, కిరాయి ఎంత, ఆ కిరాయిని ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్నలు, మా బావగారు ట్రక్కు కొనేదాకా నాకూ రాలేదు.

బావగారు డాలస్‌లో పదిహేనేళ్లు కంప్యూటర్ ఉద్యోగం చేశారు. 2023లో ఆ ఉద్యోగం పోయింది. మరో ఉద్యోగం కోసం కొన్నాళ్లు చూసి, కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నారు. ఏడాదిపాటు ఒక కంపెనీ ట్రక్కు నడిపారు. ఆ తరువాత వాయిదాల మీద సొంత ట్రక్కు కొన్నారు. డౌన్ పేమెంటుకు అక్క తన రిటైర్మెంటు డబ్బులోంచి ఇచ్చింది. కాబట్టి మైలుకు పది సెంట్లు తేడా అంటే ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. నెలకు ఎనిమిది వేల మైళ్లు నడిపేవారికి ఆ పది సెంట్లే ఏడాదికి 9,600 డాలర్లు.

మధ్యలో మనిషి

అమెరికాలో ఒకప్పుడు ట్రక్కు కిరాయిల మీద ప్రభుత్వ అదుపు ఉండేది. 1980లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన మోటార్ క్యారియర్ చట్టంతో ఆ అదుపు చాలావరకు సడలింది. కొత్తవాళ్లు రావడం సులువైంది, కిరాయి బేరానికి వచ్చింది. ఒక్క ట్రక్కున్న మనిషి పెద్ద పెద్ద ఫ్యాక్టరీలతో నేరుగా ఒప్పందం చేసుకోవడం కష్టం గనుక మధ్యలో బ్రోకరు ఉంటాడు. లోడ్లు వెతుక్కునే "లోడ్ బోర్డు" మొదలైంది 1978లో, ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో ఒక ట్రక్ స్టాపులో. అప్పుడు దాని పేరు డయల్ ఎ ట్రక్. ఇప్పుడు అదే డాట్ అనే పేరుతో డ్రైవర్ల ఫోన్లలో ఉంది.

బెజవాడ ఆటోనగర్‌లో లారీ బ్రోకరు ఆఫీసు ముందు రిటర్ను లోడు కోసం కూర్చున్న డ్రైవర్లను చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మనలో కన్సల్టింగ్ చేసినవాళ్లకైతే మరీ పాత కథ! క్లయింటు ఎంత ఇస్తున్నాడో మనకు తెలియదు, మనం ఎంతకు ఒప్పుకుంటామో వెండరుకు తెలియదు. బెంచి మీద కూర్చున్నవాడు ఎంతకైనా సరేనంటాడని మాత్రం వెండరుకు బాగా తెలుసు. ఖాళీ ట్రక్కుతో ఊరుగాని ఊళ్లో ఉన్న డ్రైవరుదీ అదే పరిస్థితి.

ముందు మన లెక్క

బావగారు మొదట నన్నడిగింది బేరం ఎలా ఆడాలని. "ముందు మీ ఖర్చు తేలుద్దాం" అని ఇద్దరం స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చున్నాం. ట్రక్కు వాయిదా, ఇన్సూరెన్సు, ట్రైలర్ అద్దె, పార్కింగ్, పర్మిట్లు కలిపి నెలకు 4,800 డాలర్లు. ఎనిమిది వేల మైళ్లకు పంచితే మైలుకు 60 సెంట్లు. గాలనుకు ఆరున్నర మైళ్ల చొప్పున డీజిలు 58 సెంట్లు. టైర్లు, రిపేర్లకు 20. ఇక చాలామంది వేసుకోని పద్దు ఒకటుంది: తన జీతం. అది 65 సెంట్లు వేశాం. బ్రోకరు డబ్బు ముప్ఫై రోజులకు గాని రాదు కనుక, ముందే చెల్లించే ఫ్యాక్టరింగ్ కంపెనీకి మూడు శాతం పోతుంది. అన్నీ కలిపితే మైలుకు 2 డాలర్ల 9 సెంట్లు. అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 2024 సంవత్సరానికి తేల్చిన సగటు ఖర్చు మైలుకు 2 డాలర్ల 26 సెంట్లు. మా లెక్క మరీ దారి తప్పలేదన్నమాట.

ఫోనులో

డాలస్ నుంచి అట్లాంటాకు ఒక లోడు. దూరం 780 మైళ్లు. సరుకున్న చోటికి ఖాళీగా వెళ్లాల్సింది మరో 60 మైళ్లు. బ్రోకరు 1,500 డాలర్లన్నాడు. "మైలుకు 1.92 పడుతుంది కదా" అని తనే చెప్పాడు. ఆరో తరగతి చదివే మా అమ్మాయి పక్కనుంచి 1,500ను 840తో భాగించి, "1.79 డాడీ!" అంది. బ్రోకరు ఖాళీ మైళ్లు లెక్కలో వేయడు. అవి వేసుకోవలసింది మనమే.

బావగారు వెంటనే తన అంకె చెప్పలేదు. ముందు ప్రశ్నలడిగారు. బరువెంత? ఎన్నింటికి ఎత్తాలి? ఎన్నింటికి దించాలి? సరుకు దించే హమాలీ ఖర్చు, అదే ఇక్కడివాళ్లు లంపర్ అంటారే, అది ఎవరిది? ఈ ప్రశ్నల్లోనే ఆ లోడుకు ఎంత తొందరుందో బయటపడుతుంది. అది ఆ సాయంత్రమే బయలుదేరాల్సిన లోడు. అప్పుడు 2,050 అడిగారు. బ్రోకరు 1,650 అన్నాడు. మా లెక్క ప్రకారం 840 మైళ్లకు ఖర్చే 1,756. "ఆ రేటుకు నాకు గిట్టదండీ, 1,850 అయితే ఇప్పుడే బయలుదేరతాను" అని మర్యాదగా చెప్పి ఊరుకున్నారు. పావుగంటకు ఫోను మళ్లీ మోగింది. 1,850కే ఖాయమైంది. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఈ రెండు సామెతలూ ఒకే ఫోనులో పనిచేశాయి.

"కూరల కొట్లో రూపాయి తగ్గించమని అడగలేని మనిషి" అంటూ అక్క ఇప్పటికీ నవ్వుతుంది.

రేటు ఒక్కటే కాదు

ఖాయమైన రేటు కాగితం మీదికి వచ్చాకే చక్రం కదలాలి. ఆ కాగితాన్నే రేట్ కన్ఫర్మేషన్ అంటారు. గోడౌన్ దగ్గర రెండు గంటలు దాటి నిలబెడితే గంటకెంత, లోడు రద్దయితే ఎంత అన్నవి అందులో ఉండాలి. ఎందుకంటే చట్టం ప్రకారం డ్రైవరు పదకొండు గంటలే నడపాలి, అదీ డ్యూటీ మొదలైన పద్నాలుగు గంటల లోపల. గోడౌన్ ముందు ఊరికే నిలబడినా మామూలుగా ఆ గడియారం ఆగదు.

చేరే ఊరు కూడా బేరంలో భాగమే. ఫ్లోరిడాకు వెళ్లేటప్పుడు రేటు బాగుంటుంది. కూరగాయలు పండే వసంతకాలం తప్పిస్తే, అక్కడినుంచి తిరిగి వచ్చే లోడ్లకు రేటు తక్కువ. కనుక వెళ్లేటప్పుడే రానూపోనూ లెక్క వేసుకోవాలి.

బ్రోకరు ఎలాంటివాడో చూసుకోవడమూ ముఖ్యమే. ప్రతి బ్రోకరూ 75,000 డాలర్ల బాండు ఉంచాలని ఫెడరల్ చట్టం. లైసెన్సు వివరాలు ప్రభుత్వ రికార్డుల్లో ఉంటాయి. ఈమెయిల్లో వచ్చిన నంబరుకు కాకుండా, ఆ రికార్డుల్లో ఉన్న నంబరుకే ఫోను చేస్తే దొంగ బ్రోకర్లను చాలావరకు తప్పించుకోవచ్చు. సరుకు యజమాని బ్రోకరుకు ఎంత ఇచ్చాడో చూసే హక్కు ట్రక్కు యజమానికి నిబంధనల్లోనే ఉంది. కానీ చాలా ఒప్పందాల్లో ఆ హక్కు వదులుకుంటున్నట్టు ఒక వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంతకం పెట్టేముందు చదవండి.

పిల్లలకొక లెక్క

మొదటి లోడు: 600 మైళ్లు, 1,320 డాలర్లు, ఖాళీ మైళ్లు లేవు. రెండో లోడు: 700 మైళ్లు, 1,610 డాలర్లు, ముందు 110 మైళ్లు ఖాళీగా వెళ్లాలి. ఏది మంచిది? మైలుకు 2.30 కనిపిస్తోందని రెండోది అన్నారా? ఖాళీ మైళ్లు కలిపితే అది 1.99. మొదటిదానికి 2.20. బావగారైతే మొదటిదే తీసుకుంటారు.

ఈ దారిలోకి రావాలనుకునే మనవాళ్లకు బావగారి సలహా ఒక్కటే. ట్రక్కు కొనేముందు కనీసం మూడు నెలల వాయిదాలు, ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచుకోండి. రేపటి వాయిదాకు డబ్బు లేనివాడు 1,500కే తలూపుతాడు. గిట్టని లోడు వద్దనగలిగితేనే గిట్టే లోడు దొరికేదాకా ఆగగలరు.