మెత్తటి పగడాలపై పురుగులు: అపోహలు – వాస్తవాలు

పగడం అనగానే రాతిలా గట్టిపడిన సున్నపు గూడే గుర్తుకు వచ్చినా, ఉప్పునీటి అక్వేరియంలో పెంచేవాటిలో అటువంటి గూడు కట్టని మెత్తటి పగడాలూ ఉన్నాయి. వాటిలోని ప్రతి పాలిప్‌కు, అంటే గుంపుగా బతికే ఆ చిన్న జీవికి, నోటి చుట్టూ ఈకల వంటి ఎనిమిది స్పర్శకాలు ఉంటాయి. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో, తూర్పు కనుమల అడుగున ఉన్న శృంగవరపుకోట వంటి ఊళ్లో ఇటువంటి తొట్టిని నిలుపుకోవాలంటే కొలిచి కలిపిన ఉప్పు, శుద్ధి చేసిన నీరు, ఆగని కరెంటు, వేసవి వేడి నుంచి రక్షణ అన్నీ అమరాలి. అంత శ్రమతో పెంచిన పగడం పురుగు వల్ల కాక, పురుగును చంపబోయి పోసిన మందు వల్ల చనిపోవడం నిజంగా బాధాకరం. ఆ పొరపాటుకు దారితీసే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పగడం ముడుచుకుపోయిందంటే పురుగు పట్టినట్టే.

తోలు పగడంగా పేరుపడిన సార్కోఫైటాన్ కొన్ని రోజులపాటు, ఒక్కొక్కసారి వారానికి మించి, పాలిప్‌లన్నింటినీ లోపలికి లాక్కుని, మైనం పూసినట్టు మెరిసే పొరను కప్పుకుంటుంది. తరువాత ఆ పొరను దానిపై పేరుకున్న నాచుతో, నలుసులతో సహా విడిచిపెట్టి మళ్లీ విచ్చుకుంటుంది. ఇది రోగం కాదు, అది తన ఒంటిని శుభ్రం చేసుకునే పద్ధతి. నీటి ప్రవాహాన్ని కొంచెం పెంచితే పొర త్వరగా ఊడిపోతుంది. ఉప్పు గాఢత మారినా, నీరు వేడెక్కినా, పక్కనున్న మరో పగడం విడుదల చేసే రసాయనాలు తగిలినా కూడా పగడం ముడుచుకుంటుంది. పురుగు ఉన్నదనడానికి రుజువులు వేరు: కొరికిన గుంటలు, రోజురోజుకూ తరిగే కండ, కాడ మొదట్లో అంటుకున్న గుడ్ల చుట్ట. ఈ పురుగులు చాలావరకు రాత్రి మేసేవి కనుక, దీపాలు ఆర్పిన రెండు గంటల తరువాత ఎర్ర కాగితం కట్టిన టార్చితో చూస్తేనే అవి బయటపడతాయి.

అపోహ: రాతి సందుల్లో కదిలే ప్రతి పురుగూ శత్రువే.

ఒంటి పక్కల ముళ్లలాంటి రోమాలున్న పురుగుల్లో అత్యధికం మిగిలిన మేతను, కుళ్లిన పదార్థాన్ని తిని తొట్టిని శుభ్రపరిచేవే. చనిపోతున్న పగడం మీద అవి కనిపించేది చచ్చిన కండను తినడానికి చేరడం వల్ల. నింద మాత్రం వాటి మీద పడుతోంది.

అపోహ: తోటకు, మందకు పనిచేసే మందు తొట్టికీ పనిచేస్తుంది.

తోటల సీమలో బోర్డో మిశ్రమం అందరికీ తెలిసినదే. అందులోని మైలుతుత్తం రాగి లవణం. చేపలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధికి వేరే తొట్టిలో రాగిని కొలిచి వాడడం నిజమే గాని, పగడాలకు, రొయ్యలకు, నత్తలకు అది విషం. పైగా రాళ్లూ ఇసుకా దానిని పీల్చుకుని చాలాకాలం తరువాత కూడా నెమ్మదిగా నీటిలోకి వదులుతాయి. వేపనూనె సహజమైనది కనుక హాని చేయదనే వాదన కూడా నిలవదు. అందులోని అజాడిరాక్టిన్ కీటకాలు కుబుసం విడిచే ప్రక్రియను చెడగొడుతుంది. మెత్తటి పగడాన్ని తినే నత్తలు, చదునుపురుగులు కుబుసం విడిచేవి కావు, విడిచేవి తొట్టికి మేలు చేసే రొయ్యలూ పీతలూను.

గొర్రెలకు పట్టించే నట్టల మందు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఫెన్‌బెండజోల్ నత్తలనే కాక జీనియా వంటి మెత్తటి పగడాలను కూడా దెబ్బతీయగలదు. చదునుపురుగుల మీద లెవామిసోల్ అనే మరో నట్టల మందు పనిచేస్తుంది. అయితే ఎర్ర చదునుపురుగులు చచ్చేటప్పుడు తమ ఒంట్లోని విషాన్ని నీటిలోకి వదులుతాయి కాబట్టి, మందు వేయడానికి ముందే సన్నని గొట్టంతో వీలైనన్నింటిని పీల్చి తీసివేయాలి, వేసిన తరువాత యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, నీటిలో పెద్ద భాగాన్ని మార్చాలి.

అపోహ: కొత్త పగడాన్ని ఒకసారి మందునీటిలో ముంచితే చాలు.

ఇదే అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు. న్యూడిబ్రాంక్ అనే చిప్పలేని సముద్రపు నత్తల్లో ఫిల్లోడెస్మియం ప్రజాతికి చెందినవి మెత్తటి పగడాలనే తింటాయి. వాటి వీపు నిండా వేళ్లవంటి మొలకలు ఉంటాయి, కొన్ని జాతులు తాము తిన్న పగడంలోని నాచును చంపకుండా ఆ మొలకల్లోనే దాచుకుంటాయి. ఫలితంగా రంగు, ఆకారం రెండూ పగడానివే అవుతాయి, కన్ను దాని మీదే నిలిచి ఉన్నా మనసు పాలిప్ అనే అనుకుంటుంది. అయోడిన్ కలిపిన ఉప్పునీటిలో కొన్ని నిమిషాలు ముంచి ఆడిస్తే పెద్దవి పట్టు వదిలి కిందపడతాయి గాని, జిగురులో చుట్టుకుని ఉన్న గుడ్లకు ఆ మందు సోకదు. అందువల్ల గుడ్ల చుట్టలను గోరుతోనో బ్లేడుతోనో గీకి తీయాలి, పగడాన్ని వేరే తొట్టిలో ఉంచి, పొదిగిన పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టకముందే వారానికి ఒకసారి చొప్పున మూడు నాలుగు వారాలపాటు ముంచుతూ ఉండాలి.

అపోహ: పురుగు పట్టిన రాయిని మరిగిస్తే పీడ వదులుతుంది.

ఈ నమ్మకం ప్రాణాంతకం. మెత్తటి పగడాలతోపాటు అమ్మే జోవాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో, పాలిటాక్సిన్ అనే తీవ్ర విషం ఉండవచ్చు. 1971లో హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మూర్, షోయర్ దీనిని వేరుచేసి ప్రకటించారు. వేడికి ఇది నశించదు, ఆవిరితో పాటు గాలిలోకి లేచి ఊపిరితిత్తులకు చేరుతుంది. 2018లో ఇంగ్లండ్‌లోని స్టీవెంటన్ గ్రామంలో, అక్వేరియం శుభ్రపరిచే పనిలో వెలువడిన ఈ విషం వల్ల ఒక కుటుంబం ఆసుపత్రి పాలైంది. చేతి తొడుగులు, కంటి అద్దాలు లేకుండా జోవాంథిడ్లను తాకకూడదు, వేడినీరు పోయకూడదు, గట్టి బ్రష్‌తో తోమకూడదు.

అపోహ: విశాఖ తీరం నుంచి రాయి తెచ్చుకోవచ్చు, అక్కర్లేనిది తిరిగి కడలిలో కలిపేయవచ్చు.

విశాఖ తీరపు రాతి మడుగుల్లో పోటు తగ్గినప్పుడు జోవాంథిడ్లు కనిపిస్తాయి. అటువంటి రాయితో పాటు వాటిని తినే నత్తలూ ఇంటికి రావచ్చు. పైగా రాతి పగడాలన్నింటినీ, మెత్తటి పగడాలకు దగ్గర బంధువులైన సముద్రపు విసనకర్రలను, ఆర్గాన్ పైప్ పగడాన్ని 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు కనుక, వాటి ముక్క అంటుకున్న రాయిని తేవడం కూడా నేరమే. తిరిగి వదలడం ఇంకా పెద్ద ముప్పు: ఇండో–పసిఫిక్ ప్రాంతపు మెత్తటి పగడం ఊనోమియా స్టోలోనిఫెరా వెనిజులా తీరానికి అక్వేరియం వ్యాపారం ద్వారానే చేరిందని భావిస్తున్నారు; అది అక్కడి సహజ పగడపు దిబ్బలను కప్పివేస్తోంది. అక్కర్లేని ముక్కను గాని, ముంచి తీసిన నీటిని గాని గోస్తని నదిలోనో సముద్రంలోనో పోయకుండా, పలుచటి బ్లీచింగ్ నీటిలో ఒక రోజంతా ఉంచిన తరువాతే పారవేయాలి. ఆ బ్లీచ్ పాలిటాక్సిన్‌ను కూడా నిర్వీర్యం చేస్తుంది.