వద్దనడం ఎలాగో కూడా నేర్పాలి

వినాయక చవితికి ప్రసాదం, దసరా ముందు సరస్వతీ పూజ. క్రైస్తవ ఇళ్లలో పిల్లలకు ఏటా బడిలో ఎదురయ్యేవే. "తినకు, దణ్ణం పెట్టకు" అని మనం చెప్పి పంపిస్తాం. ఏమని చెప్పి తప్పుకోవాలో మాత్రం చెప్పం. దాంతో ఎనిమిదేళ్ల పిల్ల స్నేహితురాలి చేతిలో లడ్డూ చూసి, పెద్దవాళ్ల దగ్గర విన్న కటువైన మాటేదో అనేస్తుంది. అవతలి పిల్ల ఏడుస్తుంది. ఇది విశ్వాసాన్ని నిలబెట్టుకోవడం అని నేననుకోను.

దానియేలు అనగానే సండే స్కూల్ పిల్లలకు సింహాల బోను గుర్తొస్తుంది. బడికెళ్లే పిల్లలకు అంతకన్నా పనికొచ్చేది బైబిల్లో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం. అందులో దానియేలు బబులోనులో విద్యార్థి. పరాయి భాష, పరాయి విద్య శ్రద్ధగా నేర్చుకున్నాడు. తనకు పెట్టిన కొత్త పేరుకూ గొడవ పడలేదు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగిపోయాడు. ఆగిన తీరు చూడండి. కంచం తోసెయ్యలేదు, అధికారి దగ్గరికెళ్లి అనుమతి అడిగాడు. మీరు చిక్కిపోతే రాజు నా ప్రాణం తీస్తాడని ఆయన భయపడ్డాడు. ఆ భయాన్ని దానియేలు తేలిగ్గా తీసుకోలేదు. పది రోజులు కూరగాయలు, నీళ్లు ఇచ్చి చూడండి, ఆ తర్వాత మీకు తోచినట్టు చెయ్యండి అని తనను చూసుకునే మనిషిని బతిమాలాడు. తాను ఒప్పుకోని పనిలో కూడా ఎదుటివాడి ఇబ్బందిని లెక్కలోకి తీసుకున్నాడు.

పిల్లలకు ఆ మాటతీరు ఇంట్లోనే అలవాటు చెయ్యాలి. "నేను తిననే, ఏమీ అనుకోకు. రా, కలిసి ఆడుకుందాం." నాలుగుసార్లు పలికిస్తే నోటికొచ్చేస్తుంది. మనమిచ్చే క్రిస్మస్ కేకును ఎవరైనా వద్దంటే నొచ్చుకోకూడదని కూడా అప్పుడే చెప్పాలి.

పండుగలు ఏడాదికి రెండో మూడో. స్లిప్ టెస్టులు వారం వారం ఉంటాయి, విశ్వాసానికి అసలు పరీక్ష అక్కడే. టీచర్ కూడికలో పొరపడి రెండు మార్కులు ఎక్కువ వేసిందనుకోండి. పిల్లాడు పేపర్ పట్టుకెళ్లి చూపిస్తాడు, ర్యాంకు తగ్గుతుంది. ఆ సాయంత్రం "నీకెందుకొచ్చిన గొడవరా" అని మనమంటే, వాడు ఇంకోసారి చూపించడు.

ఇక బడితో తేల్చుకోవాల్సినవి పెద్దల పని, పిల్లల నెత్తిన వెయ్యకూడదు. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే విద్యాసంస్థ ఏదైనా సరే, సంరక్షకుల సమ్మతి లేకుండా మైనర్లను మతబోధలో, ఆరాధనలో పాల్గొనమనకూడదు. మన మిషన్ స్కూళ్లలో చదివే హిందూ, ముస్లిం పిల్లలకూ ఇదే రక్ష. మనం కోరుకునేది వాళ్లకూ దక్కాలి.

హక్కుతో పాటు పద్ధతీ ముఖ్యమే. కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడలేదని 1985లో బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. గీతం పాడుతున్నంతసేపూ వాళ్లు గౌరవంగా లేచి నిలబడ్డారన్న విషయం ఆ తీర్పులో కీలకమైంది.

కాబట్టి పండుగ ముందురోజు హడావుడిగా కాకుండా, జూన్‌లో బడి తెరవగానే క్లాస్ టీచర్‌ను కలవండి. ఏ కార్యక్రమానికి మీ అమ్మాయి రాదో, ఏయే పనులకు సంతోషంగా సాయం చేస్తుందో రెండూ చెప్పండి.