వారికి పరుగు, మనకు నడక

ఇంగ్లీషులో 'రన్' అంటే ఏమిటని అడిగితే చిన్న పిల్లవాడైనా 'పరుగెత్తు' అని ఠక్కున చెబుతాడు. చిక్కంతా అక్కడే ఉన్నది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువును సవరించిన పండితులు ఈ ఒక్క క్రియకే ఆరు వందలకు పైగా అర్థాలు లెక్కగట్టారు.

ఒకసారి మా క్లాసులో "బోధన్ ఫ్యాక్టరీ నడవడం లేదు" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమంటే ఒక విద్యార్థి "ది ఫ్యాక్టరీ ఈజ్ నాట్ వాకింగ్" అని రాశాడు. అందరూ గొల్లున నవ్వారు. కాని ఆ తప్పులోనే ఒక సత్యం ఉన్నది. బస్సు, రైలు, దుకాణం, బడి - ఇవన్నీ ఇంగ్లీషులో పరుగెత్తుతాయి, తెలుగులో నడుస్తాయి. నిజాంసాగర్ కాలువ వారికి 'రన్' అయితే మనకు పారుతుంది. జలుబు చేస్తే ముక్కు కారుతుంది. ఉతికితే రంగు దిగుతుంది.

పక్కన చిన్న మాట చేరితే అర్థమే మారిపోతుంది. 'రన్ ఇంటూ' అంటే బజారులో పాత మిత్రుడు తారసపడటం; బండి చెట్టుకు గుద్దుకోవడం కూడా అదే. 'రన్ అవుట్ ఆఫ్' అంటే అయిపోవడం. మన ఇండ్లల్లో మాత్రం బియ్యం 'అయిపోయినయ్' అనరాదని 'నిండుకున్నయ్' అంటారు. ఎన్నికల్లో అమెరికావాడు 'రన్' చేస్తాడు, బ్రిటిషువాడు 'స్టాండ్' అంటాడు. మన యూనియన్ ఎన్నికల్లోనూ అభ్యర్థి నిలబడతాడే గాని పరుగెత్తడు గదా!

ఇక ఫ్యాక్టరీ సంగతి. 'రన్' అన్న ఒక్క క్రియలోనే నడవడం, నడపడం రెండూ ఇమిడి ఉన్నాయి. తెలుగులో అవి వేర్వేరు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే-ఆఫ్‌తో మూతపడింది. అప్పుడు "ఫ్యాక్టరీ నడవడం లేదు" అంటే తప్పు యంత్రానిదో కాలానిదో అనిపిస్తుంది. "ఫ్యాక్టరీని నడపడం లేదు" అంటే మాత్రం "ఎవరు?" అనే ప్రశ్న వెంటనే పుడుతుంది. చెరకు వేసిన రైతుకూ, జీతం ఆగిన కార్మికునికీ ఈ తేడా ఎవరూ బోధించనక్కర లేదు.

ఇంగ్లీషులోనూ ఈ తేడా చూపించవచ్చు. మొదటిది 'నాట్ రన్నింగ్', రెండవది 'నాట్ బీయింగ్ రన్'. కర్మణి ప్రయోగం పరీక్షలో మార్కుల కొరకేనని అనుకోకండి. కర్త ఎవరని అడగటం నేర్పేది కూడా వ్యాకరణమే. కనుక నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోక, మన ఇంట్లో, మన ఊళ్లో ఆ మాటకు ఏమంటారో కూడా ఆలోచించండి.